కిటికీ వైపు వెలిసిన నీలం

ఆ నీలి ఇటుకను నేను ఒక్కసారి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసి ఉంటే, పెద్దాయన ఈపాటికి తన రైళ్ళ మీద దుమ్ము దులుపుకుంటూ ఉండేవాడు.

పోయిన శనివారం ఆయన నా డిటెక్టివ్ ఆఫీసుకొచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసి, కొట్టు మూసేశాక, ప్లాస్టిక్ ఇటుకలతో కట్టే బొమ్మ రైళ్ళు పోగుచేసుకుంటూ కాలం గడుపుతున్నానని చెప్పాడు. మాత్రల డబ్బీ తెరిచి, గోరంత నీలం ఇటుకను తీసి నా బల్ల మీద పెట్టాడు.

"ఇది నాది కాదండీ."

"మరెవరిది?"

"అదే కనుక్కోమంటున్నా. నా పాత ఇంజనులోంచి ఎవరో నా ఇటుక తీసుకుని దీన్ని పెట్టారు. ఇలాంటివి తొమ్మిది."

ట్యూబులైటు కింద దాన్ని అటూ ఇటూ తిప్పాను. నీలం నీలంలాగే ఉంది. నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేదు.

"మాస్టారూ, ఇటుకలు మారాయని ఇవాళ నేను కేసు తీసుకుంటే, రేపు మా ఆవిడ చీపురుపుల్లలు మారాయని వస్తుంది."

ఆయన నవ్వలేదు. "దీన్ని మళ్ళీ దాని చోట పెట్టేయాలి. లేకపోతే ఇంజను పన్నూడినట్టుంటుంది" అని తనలో తనే అనుకున్నట్టు అన్నాడు. ఇటుకను డబ్బీలో వేసి, మూత పడిందో లేదో రెండుసార్లు నొక్కి చూసుకుని వెళ్ళిపోయాడు.

బుధవారం మధ్యాహ్నం పన్నెండూ పదికి భోజనానికొచ్చిన అల్లుడు, రైళ్ళ గదిలో నేల మీద ఆయన్ను చూశాడు. తల వెనక గాయం. బల్ల మూలకు రక్తం. చొక్కా పై గుండీలు రెండు తెగి ఉన్నాయి. అప్పటినుంచి ఆయనకు స్పృహ లేదు.

గురువారం సాయంత్రం పళ్ళ డాక్టరు నా ఆఫీసు మెట్లెక్కాడు. పెద్దాయనకు పదిహేనేళ్ళ స్నేహితుడు. ఆయనకూ ఈ బొమ్మ రైళ్ళ పిచ్చే.

"ఇన్‌స్పెక్టరు అల్లుణ్ణి లోపలేసేట్టున్నాడండీ. ఆ కుర్రాడు అమాయకుడు. మీరు చూడాలి."

"అమాయకుడని మీకెలా తెలుసు?"

"నాకు తెలుసు" అన్నాడు. మెట్లెక్కి వచ్చినందుకు ఆయాసపడుతున్నాడనుకున్నాను. వెంటనే ఒప్పుకున్నాను. పెద్దాయన మొహం చూడాలంటే నేనూ ఏదో ఒకటి చేసి ఉండాలి.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి ఆసుపత్రికి వెళ్ళాను. చిన్న ఆసుపత్రి. వసారా చివర విడిగా ఒక గది ఇచ్చారు. తలకు కట్టుతో పెద్దాయన మంచంలో ఇంత అయిపోయి ఉన్నాడు. కూతురు రెండు రోజులుగా కన్ను మూయలేదు. పళ్ళ డాక్టరు గోడ పక్కన నిలబడి ఉన్నాడు, కుర్చీ ఖాళీగా ఉన్నా.

ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే ఊపిరాడేట్టు లేదు. ఆయనకే చెప్పాను. శనివారం సంగతి, ఇటుక సంగతి, నా నవ్వు సంగతి.

"నాకు తేడా ఏం కనపళ్ళేదు డాక్టరు గారూ."

"ఎక్కడ చూశారు?"

"ఆఫీసులోనే. ట్యూబులైటు కింద."

"ట్యూబులైటు కింద రంగేం తెలుస్తుందండీ? పన్ను కట్టేటప్పుడు మేం కూడా మనిషిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి..." అంటూ మధ్యలో ఆగిపోయాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

నేను కూతురివైపు తిరిగాను. "అమ్మా, నువ్వు కాసేపు పడుకోవాలి. డాక్టరు గారు కూర్చుంటారు."

"నేనా?" అన్నాడు డాక్టరు.

"మీకంటే నమ్మకమైనవాళ్ళు ఆయనకెవరున్నారు?"

ఆయన తన చేతులవైపు చూసుకున్నాడు. ఆడపిల్ల చేతుల్లా సన్నటి, శుభ్రమైన వేళ్ళు. తర్వాత వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

పదకొండింటికి నేను పెద్దాయన ఇంట్లో ఉన్నాను. ఇన్‌స్పెక్టరు నాకంటే ముందే వచ్చాడు. ఒకప్పుడు ఒకే స్టేషనులో నా కింద రెండేళ్ళు పనిచేసినవాడు. నేను ఉద్యోగం వదిలేశాక ఎక్కడ కనపడ్డా గురువుగారూ అంటాడు. ఆ పిలుపులో ఉప్పు తక్కువ, కారం ఎక్కువ.

"రండి గురువుగారూ. బొమ్మలాట చూడ్డానికొచ్చారా?"

"నీ ఆటే చూద్దామని."

"నా ఆట అయిపోయింది. ఒంటిగంటకి ఇతన్ని తీసుకెళ్తున్నా."

ఇతనంటే అల్లుడు. వసారాలో బల్ల మీద తల దించుకుని కూర్చున్నాడు. ముప్పై ఐదేళ్ళుంటాయి. వెల్డింగు షాపు. కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ కలిపి నిమ్మకాయంత కట్టు.

ఇన్‌స్పెక్టరు వేళ్ళు మడుస్తూ చెప్పాడు. "బుధవారం పొద్దున తొమ్మిదింటికి, రైళ్ళ గది ఖాళీ చెయ్యమని మామా అల్లుళ్ళకి గొడవ. బొమ్మలన్నీ గోనెసంచిలో పోసి పారేస్తానన్నాడు. వీధంతా విన్నారు. తొమ్మిదిన్నరకి షాపుకెళ్ళాడు. పదీ నలభైకి కరెంటు పోయింది. పనాపి బయటికెళ్ళాడు. పదకొండూ యాభైకి కరెంటొచ్చింది, ఇతనూ వచ్చాడు. మధ్యలో డెబ్బై నిమిషాలు. ఎక్కడున్నావురా అంటే నోరు విప్పడు. ఇంకేం కావాలి?"

"నోరు విప్పించడం కావాలి."

అల్లుడి పక్కన కూర్చున్నాను. మాట్లాడనివాడి పక్కన మాట్లాడకుండా కూర్చోవడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటే. మా నాన్నతో పొలంలో పగలంతా అలాగే గడిచేది.

"చెయ్యెప్పుడు కాలింది?" అన్నాను చివరికి.

"సోమవారం. గవర్నమెంటు ఆసుపత్రిలో కట్టారు."

"గది ఎవరికోసం అడిగావు?"

"మా అమ్మకండి. మంచంలో ఉంది. ఆదివారం ఆదివారం నేనూ మా ఆవిడా ఊరెళ్ళి చూసొస్తాం. ఇక్కడికి తెచ్చుకుందామంటే చోటు లేదు."

"బుధవారం పదీ నలభైకి ఎక్కడికెళ్ళావు?"

అతను కట్టు చివర పీకుతూ కూర్చున్నాడు.

"ఒకపక్క నీ భార్య వాళ్ళ నాన్న మంచంలో ఉన్నాడు. ఒంటిగంటకి మొగుడు స్టేషన్లో ఉంటాడు. దాచుకునేంత మంచి సంగతైతే దాచుకో."

అతను కట్టు వదిలేసి తలెత్తాడు. "ఇల్లు చూడ్డానికెళ్ళానండి. మా అమ్మకి ఓ గది అద్దెకి. పొద్దున అంతంత మాటలన్నాను కదా... షాపులో కూర్చున్నాక సిగ్గేసింది. ఆ బొమ్మలు తప్ప ముసలాయనకి ఏముంది, నేనే వేరే చూసుకుంటే పోద్ది అనుకున్నా. ఇంటికెళ్ళి చెబుదామని కూడా అనుకున్నా. వచ్చేసరికి అలా పడున్నారు. ఇప్పుడీ మాట చెబితే ఎవరు నమ్ముతారు? నాకే నమ్మబుద్ధి కావట్లేదు."

ఇన్‌స్పెక్టరు ఇంటి గుర్తులడిగి కానిస్టేబుల్ని పంపాడు. "కథ బాగుంది గురువుగారూ. రాయించి పెట్టుకోండి" అన్నాడు. కానీ పంపాడు. అంతవరకు వాడు మంచి పోలీసే.

మేం రైళ్ళ గదిలోకి వెళ్ళాం.

పది అడుగుల గది. మధ్యలో పెద్ద బల్ల, దాని మీద గుండ్రంగా పట్టాలు. ఎడమ గోడకు బీరువా. కుడి గోడకు అరలు. పై అరల్లో రైళ్ళ పెట్టెలు, కొన్న సంవత్సరం చీటీతో సహా. కింది అరలో చిన్న పెట్టెలు వరసగా ఉన్నాయి. ఎరుపు, నలుపు, తెలుపు, పసుపు, నీలం. ఒక్కో పెట్టెలో ఒకే రంగు ముక్కలు. విరిగినవాటి బదులు వేసుకోవడానికి ఒకప్పుడు కంపెనీవాళ్ళే విడిగా అమ్మినవి. నీలం పెట్టె తీశాను. పైన దుమ్ము దళసరిగా ఉంది. సీలు చెక్కుచెదరలేదు.

తూర్పు కిటికీకి ఆనుకుని నడుమెత్తున చిన్న పీట. పీట మీద జానెడు పట్టా. పట్టా మీద పాత నీలి ఇంజను ఒక్కటే ఉంది.

"దీన్నెప్పుడూ తిప్పరండి" అన్నాడు గుమ్మంలోంచి అల్లుడు. "మా ఆవిడకి ఆరేళ్ళప్పుడు కొన్నారట. ఇరవై రెండేళ్ళుగా అక్కడే, అలాగే. సోమవారం సోమవారం దుమ్ము దులిపి మళ్ళీ అలాగే పెడతారు."

బల్ల సొరుగులో నోటుపుస్తకం దొరికింది. గడియారాల మనిషి కదా, ప్రతిదానికీ నిమిషాలు రాసుకున్నాడు. మొదటి పేజీలోనే ఉంది: *పాత ఇంజను మొత్తం విప్పి తిరిగి కట్టడం, ముప్పై ఐదు నిమిషాలు.* చివరి పేజీలు ఇన్‌స్పెక్టరు నా చేతిలోంచి లాక్కుని పైకి చదివాడు.

"సోమవారం. కుడివైపు మూడో వరస, రెండో ఇటుక. నాది కాదు... మళ్ళీ సోమవారం. పొగగొట్టం కింద ఒకటి. నాది కాదు... ఇలా తొమ్మిది సోమవారాలు. ఆ తర్వాత..." ఆగి నా మొహంలోకి చూశాడు. వాడి కళ్ళు మెరిశాయి. "శనివారం. డిటెక్టివుకి చూపించాను. నవ్వాడు."

వాడు పుస్తకం కిందికి దించాడు.

"నవ్వారా గురువుగారూ?"

"నవ్వాను."

"ఎందుకు?"

"బుద్ధి లేక. కింద చదువు."

"బుధవారం, పదీ నలభై ఐదు. ఇక నేనే అడుగుతాను." పుస్తకం మూశాడు. "అడిగాడు. అల్లుడు తోశాడు. ఇతనే ఇటుకలు మార్చి అమ్ముకుంటున్నాడు. నాకు ఇంకా గట్టి సాక్ష్యం ఇచ్చారు, సంతోషం."

"ఇంట్లో తిరిగే అల్లుడితో మాట్లాడ్డానికి ఎవరైనా టైము రాసుకుంటారా? అదీ అతను షాపులో ఉండే టైము?"

వాడు మళ్ళీ పుస్తకం తెరుస్తుండగా నేను నేల మీద కూర్చున్నాను. పీటకూ బల్లకూ మధ్య సిమెంటు మీద వేలెడు పొడుగున సన్నటి నీలి గీత ఉంది. ఏదో పడి రాసుకుపోయిన గీత. పీట మీదున్న ఇంజను మాత్రం చక్కగా, నిండుగా ఉంది. దగ్గరగా చూశాను. ముందు వరసలో ఒక ఇటుక మూల నలిగి, తెల్లటి చారికలు పడ్డాయి.

"ఇది కింద పడింది" అన్నాను. "ఇలాంటివి ఆ ఎత్తునుంచి పడితే ముక్కలు ముక్కలైపోతాయి. ఎవరో ఏరి, కూర్చుని, మళ్ళీ కట్టారు."

"ఎప్పుడు?"

"పెద్దాయన నెత్తురోడుతూ పక్కన పడి ఉండగా. ముప్పై ఐదు నిమిషాలు."

ఇన్‌స్పెక్టరు మొదటిసారి వెటకారం మానేశాడు. గదంతా ఓసారి చూశాడు, ఆ కూర్చున్నవాడు ఇంకా ఎక్కడో కూర్చునే ఉన్నట్టు.

"ఆ కట్టుతోనా?" అని అల్లుడి చెయ్యి చూపించాను. అరలోంచి అంటుకున్న రెండు ముక్కలు తీసి అతనికిచ్చాను. "విడదియ్యి." పాపం ఎడమచేత్తో, పళ్ళతో తంటాలు పడ్డాడు. ఒకటి జారి కిందపడింది.

"నటించొచ్చు" అన్నాడు ఇన్‌స్పెక్టరు, కానీ గొంతులో బిగువు లేదు.

అప్పుడే కానిస్టేబులు ఫోను చేశాడు. అద్దె ఇంటావిడ చెప్పిందట. బుధవారం పదకొండునుంచి పదకొండున్నరదాకా ఈ అబ్బాయి అక్కడే ఉన్నాడు, మంచం పడుతుందో లేదో అని నేల కొలుచుకున్నాడు, కరెంటు లేక చీకట్లో గుమ్మం తగిలి మోకాలు కొట్టుకున్నాడు కూడా. షాపునుంచి ఆ ఇంటికి ఇరవై నిమిషాల నడక. డెబ్బై నిమిషాల్లో ముప్పై ఐదు ఎక్కడా మిగల్లేదు.

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "అయితే ఎవరు?"

నేను ఇంజనును రెండు చేతులా ఎత్తాను. శనివారం చెయ్యని పని ఇప్పుడు చేశాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఎండకు పట్టాను.

ఎండలో అది వేరే వస్తువు. గదివైపు ముదురు నీలం. కిటికీ వైపు, ఇరవై రెండేళ్ళ పొద్దుటెండ తాగి, ఉతికి ఉతికి వెలిసిపోయిన చొక్కా రంగు. ప్రతి ఇటుకకూ రెండు రంగులు. కట్టినవాడు ఒక్క ఇటుకనైనా తిరగేసి పెట్టలేదు. వెలిసిన మొహాలన్నీ కిటికీ వైపే. మామూలు కంటికి అంత తేడా పట్టుబడదు. ఆ రోజు గదిలో కరెంటు కూడా లేదు. వాడు ఈ కిటికీ వెలుతురులోనే కూర్చుని, ఒక్కోటీ ఎండకు చూసుకుంటూ కట్టాడు.

తర్వాత నోటుపుస్తకం పక్కన పెట్టుకుని తొమ్మిది చోట్లూ ఒక్కొక్కటే చూశాను. కుడివైపు మూడో వరస, రెండోది. పొగగొట్టం కింద. రెండుసార్లు లెక్కపెట్టాను.

"ఏమైంది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"తొమ్మిదీ వెలిసి ఉన్నాయి. తొమ్మిదీ పెద్దాయనవే."

"మార్చారని రాశాడుగా?"

"మార్చినవాడు తిరిగి తెచ్చాడు. ఆయన రమ్మనేసరికి సంగతి గ్రహించి, అసలువి జేబులో వేసుకుని వచ్చాడు. ఇక్కడ మాటామాటా పెరిగింది. తోసుకున్నారు. ఈయన పడ్డాడు, ఇంజను పడింది. వాడు అంబులెన్సుని పిలవలేదు. ఇంజను కట్టాడు. కొత్తవి తీసేసి, అసలువన్నీ వాటి వాటి చోట్లలో పెట్టి కట్టాడు."

"పిచ్చోడా?"

"తప్పు చేసినవాడు. మనిషిని బాగుచెయ్యలేక, చేతనైంది బాగుచేశాడు."

బీరువా కింద చెయ్యి పెట్టాను. దుమ్ము, ఒక గుండీ, దాని వెనక చిన్నగా గట్టిగా ఒకటి తగిలింది. నీలి ఇటుక. ఎండకు పట్టాను. అన్ని వైపులా ఒకే ముదురు నీలం. ఎండ మొహం చూడనిది. పెట్టెలోంచి కొత్తగా తీసింది.

కానీ పెద్దాయన నీలం పెట్టెకు సీలు పోలేదు. ఇది ఇంకెవరిదో నీలం పెట్టెలోది. ఈ బొమ్మ రైళ్ళ పిచ్చివాళ్ళు తప్ప ఎవరూ దాచుకోని పెట్టె.

"ఆదివారాలు మీరిద్దరూ ఊరెళ్తే, ఈయన దగ్గరెవరుంటారు?" అని అల్లుణ్ణడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

"ఎవరూ ఉండరండి. డాక్టరు గారొస్తారు. ఇద్దరూ సాయంత్రందాకా ఈ గదిలోనే..."

పన్ను కట్టేటప్పుడు మేం కూడా మనిషిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి. ఆ మాట పొద్దున ఎనిమిదింటినుంచి నా చెవిలో ఉంది. ఏళ్ళ తరబడి పంటికి పన్ను రంగు కలిపే చెయ్యి. ఆశ చంపుకోలేక, ఆదివారానికో ఇటుక చొప్పున స్నేహితుడి ఇంజనును తన ఇంటికి మోసుకెళ్ళిన చెయ్యి. అల్లుడు అమాయకుడని ఆయనకు అంత గట్టిగా ఎలా తెలుసో ఇప్పుడు నాకూ తెలిసింది.

వీధి గేటు చప్పుడైంది. పెద్దాయన కూతురు దాదాపు పరుగున వచ్చింది. రెండు రోజుల తర్వాత ఆ మొహంలో మొదటిసారి వెలుగు.

"అన్నయ్యగారూ, నాన్న వేళ్ళు కదిపారు! పెదాలు కూడా కదుపుతున్నారు. డాక్టరు గారే చూశారు. నువ్వెళ్ళి బట్టలూ కళ్ళజోడూ తీసుకురామ్మా, నేనున్నాగా, తొందరేం లేదు అన్నారు."

"ఎంతసేపైంది నువ్వు బయల్దేరి?"

"ఇరవై నిమిషాలవుతుంది. ఏం?"

ఇన్‌స్పెక్టరు నా మొహం చూశాడు. బయటికి పరుగెత్తి జీపు తియ్యమని అరిచాడు. నేను నడుస్తూనే డాక్టరుకు ఫోను కలిపాను. ఆరోసారి మోగాక ఎత్తాడు.

"పెద్దాయనెలా ఉన్నారు డాక్టరు గారూ?" మామూలుగా అడగాలని చూశాను.

"కళ్ళు తెరిచారండీ." నెమ్మదైన గొంతు. "నన్నే చూస్తున్నారు. గుర్తుపట్టారు."

"మంచిది. నేనొస్తున్నా. నర్సుని పిలవండి."

అవతల చిన్నగా గలగలమని చప్పుడు. ప్లాస్టిక్ ముక్కలు అరచేతిలో కదిలిన చప్పుడు.

"మీరు బీరువా కింద చూశారు కదూ?" అన్నాడు. "నా దగ్గర ఎనిమిదే ఉన్నాయి. ఆ తొమ్మిదోదాని కోసం రెండు రోజులుగా నాకు నిద్రలేదు."

"డాక్టరు గారూ, కుర్చీలోంచి లేచి బయటికి రండి. వసారాలో కూర్చోండి. నేనొచ్చి మాట్లాడతాను."

"గడియ పెట్టానండీ. మీరు కూర్చోమన్నారు. కూర్చున్నాను." అతని ఊపిరి వినపడింది. "ఆయన ఏదో అనబోతున్నారు. అది నా పేరే. ఇంకోసారి నేను వినలేను."

ఫోను ఆగిపోయింది.

జీపు కదిలింది. ఆసుపత్రికి పదిహేను నిమిషాలు. ముందు సీట్లో ఇన్‌స్పెక్టరు వైర్‌లెస్‌లో అరుస్తున్నాడు, ఆ గది తలుపు పగలగొట్టమని. గురువుగారూ అని ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే బాగుండుననిపించింది. నా పిడికిట్లో నీలి ఇటుక అరచేతిలోకి దిగుతోంది. ఇంకా గట్టిగా పట్టుకున్నాను. ఆ కుర్చీ చూపించి అతన్ని కూర్చోమన్నది నేనే.